బలాబలాలు చదవడం – ఐదో పాఠం: చెరువు పక్క చేను

దేశాల బలాబలాల గురించి చెబుతూ పోయిన పాఠంలో ‘సమతూకం’ అన్న మాట వాడాను. అది నా తప్పు. ఆ మాట వినగానే మీలో సగం మంది కాటా గీసి పంపారు. ఒక పళ్లెంలో చైనా, రెండో పళ్లెంలో ఇండియా, అమెరికా, జపాన్. కింద ఓడలెన్ని, విమానాలెన్ని, జీడీపీ ఎంత. పాలకొల్లు నుంచి ఒకాయనైతే మధ్యలో ముల్లు కూడా పెట్టి, అది ఎటు ఎన్ని డిగ్రీలు ఒరిగిందో రాశారు. ఆయన ఓపికకు దణ్ణం పెట్టాలి. కానీ ఇది వడ్ల కాటా కాదండి. కాటా మీద పెట్టిన బస్తా తనంతట తాను లేచి అవతలి పళ్లెంలోకి నడిచిపోదు. దేశాలు నడుస్తాయి. కొన్ని దేశాలు చెరో పళ్లెంలో చెరో కాలు పెట్టి నిలబడతాయి.

అందుకని ఈసారి చెబుతానన్న సముద్ర మార్గాల సంగతి వచ్చే పాఠానికి జరిపాను.

సైన్యం, జనాభా, రాబడి ఎందుకు లెక్కలోకి వస్తాయో నేను చెప్పను. అది తెలియనివాళ్లు ఇక్కడిదాకా రారు. మీరు వదిలేసింది వేరే ఉంది. ఎదిగే దేశం దగ్గర ఏముందో లెక్కేస్తే దాని బలం తెలుస్తుంది గానీ, చుట్టూ ఉన్న ప్రాంతం ఎటు మారుతుందో తెలియదు. ఆ జవాబు పక్కవాళ్ల దగ్గర ఉంటుంది.

ఆకివీడు వైపు వెళ్లి చూడండి. వరి చేల మధ్యలో ఒకాయన రొయ్యల చెరువు తవ్వుతాడు. ఎవరి మీదా పగతో కాదు, వరిలో మిగలడం లేదని తవ్వుతాడు. కొన్నాళ్లకు గట్టు పక్క చేలో ఉప్పు ఊట పొడుస్తుంది, నారు ఎర్రబారుతుంది. అప్పుడు పక్క రైతుల్లో ఒకడు అప్పుచేసి తనూ చెరువు తవ్వుతాడు. ఇంకొకడు ఆ చెరువాయనకే పొలం లీజుకిచ్చి చేతులు దులుపుకుంటాడు. ఇద్దరు ముగ్గురు కలిసి అర్జీ రాసుకుని సోమవారం గ్రీవెన్సుకు పోతారు. మరొకడున్నాడు, నాకు ఇష్టమైనవాడు వీడే: పొద్దున అర్జీలో సంతకం పెడతాడు, సాయంత్రం చెరువాయన అరుగు మీద కూర్చుని ‘ఎకరం లీజు ఎంతకు నడుస్తోందండీ’ అని ఆరా తీస్తాడు. కొన్నేళ్లకు ఆ ఆయకట్టు గుర్తుపట్టలేనట్టు అయిపోతుంది. చెరువు తవ్వినాయన చేసింది మొదలుపెట్టడం వరకే. మిగతాదంతా వీళ్ల నిర్ణయాలు చేసినపని.

ఎదిగే దేశానికి చెడ్డ ఉద్దేశం లేనప్పుడు పక్కవాళ్లకు భయమెందుకని మలికిపురం నుంచి ఒకమ్మాయి అడిగింది. ఊటకు ఉద్దేశం ఉండదమ్మా.

ఇక నాకు ఒళ్లు మండిన సంగతి. దాదాపు ప్రతి కాగితంలోనూ ఒకే వాక్యం: ‘శత్రువుకు శత్రువు మిత్రుడు అని కౌటిల్యుడు అన్నాడు కాబట్టి...’. ఆ ‘కాబట్టి’ తర్వాత మీరు ఆలోచించడం మానేశారు. కౌటిల్యుడి మండలంలో, అంటే రాజు చుట్టూ ఉన్న రాజ్యాల వలయంలో, శత్రువు అవతలివాడు మిత్రుడయ్యే వీలుందన్నమాట నిజమే. అదే మండలంలో ఇద్దరికీ దగ్గర్లో ఉండే బలవంతుడు మధ్యముడున్నాడు, ఎవరి జోలికీ పోకుండా దూరంగా ఉండే ఉదాసీనుడున్నాడు, మనం ముందుకు కదలగానే వెనక నుంచి మడమ పట్టుకునే పార్ష్ణిగ్రాహుడున్నాడు. వాళ్లను ఎవరూ గీయలేదు. రాజు ముందున్న దారులు కూడా యుద్ధం, స్నేహం రెండే కాదు, ఆరు గుణాలు: సంధి (రాజీ), విగ్రహం (పోరు), ఆసనం (కదలకుండా కాచుకోవడం), యానం (దండెత్తి కదలడం), సంశ్రయం (బలవంతుడి నీడ చేరడం), ద్వైధీభావం. చివరిది ఒకరితో సంధి చేసుకుంటూ ఇంకొకరితో విగ్రహం నడపడం. మన అర్జీ సంతకం రైతు దానికి దగ్గరి చుట్టం.

ఈ ‘శత్రువుకు శత్రువు’ సామెత ఎక్కడ విరిగిపోతుందో చూడ్డానికి బీజింగు దాకా పోనక్కర్లేదు. కాకినాడ నుంచి గొల్లప్రోలు వైపు బస్సెక్కితే చాలు, చందుర్తి వస్తుంది.

1753లో నిజాం సలాబత్ జంగ్ ఏలూరు, రాజమండ్రి, చికాకోలు (శ్రీకాకుళం), ముస్తఫానగరు (కొండపల్లి) సర్కారులను, అంటే జిల్లాల్లాంటివాటిని, ఫ్రెంచి సేనాని బుస్సీకి రాసిచ్చాడు. కోస్తాలో ఎదిగే శక్తి అప్పటికి ఫ్రెంచివాడే. 1757లో అదే బుస్సీ విజయనగరం విజయరామరాజు పక్షాన బొబ్బిలి మీదికి వెళ్లాడు. కోట పడింది. ఆ తర్వాత విజయరామరాజును బొబ్బిలివాడు తాండ్ర పాపారాయుడు పొడిచి చంపాడు. విజయనగరం గద్దెనెక్కిన ఆనందరాజుకు ఫ్రెంచివాళ్లతో పొసగలేదు. 1758లో ఇక్కడి ఫ్రెంచివాళ్ల పెద్ద లాలీ, బుస్సీని వెనక్కి పిలిపించాడు, ఆనందరాజు సందు చూసుకున్నాడు. విశాఖపట్నం ఫ్రెంచివాళ్ల చేతిలోంచి లాక్కుని ఇంగ్లీషువాళ్లకు కబురుపెట్టాడు. బెంగాల్ నుంచి ఈస్టిండియా కంపెనీ పెద్ద క్లైవ్, ఫోర్డు అనే సేనానిని పంపాడు. డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ ఓడిపోయాడు.

ఇక్కడిదాకా సామెత బాగానే నడిచింది. మీరైతే ఇక్కడే పెన్ను కింద పెడతారు. ముందుకు పదండి.

గెలిచాక ఫోర్డు మచిలీపట్నం వైపు కదలాలంటే డబ్బు కావాలి. ఇస్తానన్నది ఆనందరాజు. ఆయన నానబెట్టాడు. ఇంగ్లీషువాడు గెలవాలి గానీ మరీ అంత తొందరగా, అంత గట్టిగా గెలవకూడదని ఆయన మనసులో ఉందని నా అనుమానం. 1759 ఏప్రిల్‌లో ఫోర్డు మచిలీపట్నం కోట పట్టుకున్నాడు. అప్పటికి నిజాం ఎక్కడున్నాడు? ఫ్రెంచివాళ్లకు సాయం చేద్దామని సైన్యంతో దగ్గర్లోకి వచ్చి కూర్చున్నాడు. కోట పోయిందని తెలిశాక మేలో ఇంగ్లీషువాళ్లతోనే ఒప్పందం చేసుకుని, మచిలీపట్నం సర్కారును వాళ్లకిచ్చి, ఫ్రెంచివాళ్లను ఇక రానివ్వనన్నాడు. మీ కాటాలో ఆయన్ను మార్చిలో ఏ పళ్లెంలో పెడతారు, జూన్‌లో ఏ పళ్లెంలో పెడతారు? ఆయన బస్తాలు అవే, ఏనుగులు అవే.

1765లో మొగలు చక్రవర్తి ఫర్మానాతోనూ, మరుసటేడు నిజాంతో కుదిరిన ఒప్పందంతోనూ సర్కారులు కంపెనీ కిందికి వచ్చాయి. 1794 జూలై 10న పద్మనాభం దగ్గర కంపెనీ సైన్యం చేతిలో చనిపోయిన చిన విజయరామరాజు ఎవరనుకున్నారు? ఆనందరాజు గద్దెకు వారసుడే. కబురుపెట్టి పిలిపించుకున్న మిత్రుడు ముప్పై ఆరేళ్లకు చేసినపని అది. శత్రువు పోగానే ‘శత్రువుకు శత్రువు’ అన్న చుట్టరికం కూడా పోతుంది. మిగిలేది మీ గట్టు పక్కన కొత్త చెరువు.

(యానాం సంగతేమిటని అడిగేవాళ్లకు: మధ్యమధ్య ఇంగ్లీషువాళ్లు లాక్కున్నా, అది 1954 దాకా ఫ్రెంచివాళ్ల కిందే ఉంది. ఓడినవాళ్లను పటం మీంచి తొందరపడి చెరిపేయకండి.)

మిగతా సంగతులు తొందరగా చెప్పేస్తాను, పద్ధతి అదే కనుక. 1871 తర్వాత జర్మనీ ఎదిగినప్పుడు, జారు రాజ్యమైన రష్యా, రాజును దించేసిన ఫ్రాన్సు 1894 నాటికి ఒకటయ్యాయి. ఇది అర్జీ రాసుకున్న రైతుల దారి. ఫిలిప్పీన్స్ దక్షిణ చైనా సముద్రంపై 2016లో అంతర్జాతీయ ట్రిబ్యునల్‌లో చైనా మీద తీర్పు గెలిచి కూడా, అధ్యక్షుడు దుతెర్తే హయాంలో చైనావైపే మొగ్గింది. ఆయన తర్వాత మార్కోస్ అధ్యక్షుడిగా వచ్చాక 2023లో అమెరికా సైన్యం వాడుకునే స్థావరాలను ఐదు నుంచి తొమ్మిదికి పెంచింది, 2024 ఏప్రిల్‌లో మన బ్రహ్మోస్ క్షిపణులు అందుకుంది. ఆ ఎనిమిదేళ్లలో చైనా ఎక్కడికీ పోలేదు, పక్కవాడు దారి మార్చాడు.

నాకు బాగా నచ్చింది వియత్నాం. 1979లో చైనాతో యుద్ధం చేసిన దేశం. 2023 సెప్టెంబరులో దాని రాజధాని హనోయికి అప్పటి అమెరికా అధ్యక్షుడు బైడెన్ వచ్చాడు, అమెరికాతో సంబంధాన్ని అన్నిటికన్నా పై మెట్టుకు చేర్చారు. డిసెంబరులో అదే హనోయికి చైనా అధ్యక్షుడు షీ జిన్‌పింగ్ వచ్చాడు. విదేశీ సైనిక స్థావరాలు వద్దు, సైనిక కూటములు వద్దు అన్నది వాళ్ల విధానం. ఒకే ఏడాదిలో ఇద్దరికీ అదే అరుగు మీద కాఫీ ఇచ్చారు.

నాకొక దొంగదారి ఉంది, వాడుకోండి. టీవీ చర్చలు కట్టేసి, చిన్న దేశానికి కొత్త నాయకుడు రాగానే మూడే చూస్తాను: మొదట ఎవరింటికి వెళ్లాడు, అప్పు ఎవరి దగ్గర పుట్టింది, రేవు ఎవరికిచ్చాడు. మాల్దీవుల అధ్యక్ష ఎన్నికల్లో ముయిజ్జు 2023లో ‘ఇండియా అవుట్’ నినాదంతో గెలిచాడు. 2024 జనవరిలో, ఢిల్లీకి రాకముందే, చైనా వెళ్లాడు. మే 10 లోగా మన సైనికులను పంపేశాడు. అక్టోబరులో ఢిల్లీ వచ్చి 40 కోట్ల డాలర్ల కరెన్సీ మార్పిడి సదుపాయం తీసుకున్నాడు. మొదటి ప్రశ్న దగ్గరే ఆగితే మీరు బోల్తా పడతారు, రెండోది అందుకే. నేను మాత్రం పాత స్కూలు అట్లాసు, ఎర్ర పెన్సిలు పెట్టుకునే చూస్తాను. ఫోనులో పటం పెద్దది చేస్తే పక్క దేశం తెర మీంచి జారిపోతుంది.

అభ్యాసం. మరిచిపోయేవాణ్ణే. 2025 ఆగస్టు 27న మన సరుకుల మీద అమెరికా సుంకం 50 శాతమైంది. భీమవరం రొయ్యల చెరువుల గట్ల మీద ఆ రోజుల్లో ఇంకో మాటే లేదు. నాలుగు రోజులకు, 31న, ప్రధాని మోదీ చైనాలోని తియాన్‌జిన్‌లో షీ జిన్‌పింగ్‌ను కలిశారు. ‘సుంకం వేశారు కాబట్టి చైనావైపు తిరిగాం’ అని రాసినవాళ్ల కాగితం నేను చదవను. 2020 జూన్‌లో చైనాతో గల్వాన్ సరిహద్దు ఘర్షణ నుంచి మొదలుపెట్టి, 2024 అక్టోబరులో సరిహద్దు గస్తీ మీద కుదిరిన అవగాహన, అదే వారం రష్యాలోని కజాన్‌లో మోదీ, షీ భేటీ తేదీలు పక్కన పెట్టుకుని చూడండి. ఆ ఐదేళ్లలో ఆరు గుణాల్లో ఏది ఎప్పుడు నడిచిందో ఇండియా స్థానంలో కూర్చుని ఒక పేజీ రాయండి. తర్వాత అదే ఐదేళ్లను వియత్నాం స్థానంలో కూర్చుని ఇంకో పేజీ. రెండు పేజీలూ ఒకలాగే వస్తే రెండోది చింపేసి మళ్లీ రాయండి.

కాటా బొమ్మలు పంపకండి.