అయాన్ల సైజులు పోల్చడం ఎలా: కాటయాన్ చిన్నదే, కానీ దేనికంటే?

ఇంటర్ ఫస్టియర్ కెమిస్ట్రీ చదివిన ఎవరిని అడిగినా "కాటయాన్ చిన్నది, ఆనయాన్ పెద్దది" అని టక్కున చెప్పేస్తారు (ఎలక్ట్రాన్లు పోగొట్టుకుని ప్లస్ ఆవేశం వచ్చిన అయాన్ కాటయాన్, ఎలక్ట్రాన్లు తీసుకుని మైనస్ ఆవేశం వచ్చినది ఆనయాన్). తప్పేం కాదు గానీ అది సగం మాటే. దేనికంటే చిన్నది? తన సొంత పరమాణువు కంటే. ఈ ముక్క వదిలేసి మిగతాది బట్టీ పట్టినవాళ్లు, రుబీడియం అయాన్, ఫ్లోరైడ్ అయాన్‌లలో ఏది పెద్దదని అడిగితే ఆలోచించకుండా ఫ్లోరైడ్‌కి టిక్ పెట్టేస్తారు. రుబీడియం అయాన్ వ్యాసార్ధం 152 పికోమీటర్లు (మీటరులో లక్ష కోట్లో వంతు ఒక పికోమీటరు, కింది విలువలన్నీ అందులోనే), ఫ్లోరైడ్‌ది 133. అంటే ప్లస్, మైనస్ గుర్తులు చూసి తీర్పు చెప్పకూడదు. ప్రోటాన్లు ఎన్ని, ఎలక్ట్రాన్లు ఎన్ని, కర్పరాలు (కేంద్రకం చుట్టూ ఎలక్ట్రాన్లు ఉండే పొరలు) ఎన్ని, ఈ మూడూ చూడాలి.

ముందు చూడాల్సింది, రెండూ ఒకే మూలకానివా కాదా అని. ఒకే మూలకమైతే పని తేలిక, ఎలక్ట్రాన్లు ఎక్కువున్నదే పెద్దది. సోడియం పరమాణువులో 2, 8, 1 అమరిక ఉంటుంది. ఆ ఒక్క ఎలక్ట్రాన్ పోతే మూడో కర్పరమే ఖాళీ అయిపోతుంది, మిగిలిన 10 ఎలక్ట్రాన్లని 11 ప్రోటాన్లు లాగుతుంటాయి. అందుకే ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో సోడియం పరమాణువుకి 186 అని, అయాన్‌కి 95 అని కనిపిస్తుంది. ఫ్లోరిన్‌లో కథ రివర్స్, 64 నుంచి 136కి పెరుగుతుంది. ఇక్కడ చాలామంది "కొత్త కర్పరం వచ్చింది కాబట్టి" అని కారణం రాస్తారు, అది రాయకండి, మార్కు పోతుంది. వచ్చిన ఎలక్ట్రాన్ అదే రెండో కర్పరంలో చేరింది. ప్రోటాన్లు మాత్రం 9 దగ్గరే ఆగిపోయాయి, ఎలక్ట్రాన్ల మధ్య వికర్షణ పెరిగింది, ఒక్కో ఎలక్ట్రాన్ మీద కేంద్రకం పట్టు తగ్గింది, అందుకే ఉబ్బింది. ఇనుముకీ ఇదే లెక్క: పరమాణువు కంటే ఫెర్రస్ (రెండు ఎలక్ట్రాన్లు పోయిన అయాన్) చిన్నది, ఫెర్రస్ కంటే ఫెర్రిక్ (మూడు పోయినది) ఇంకా చిన్నది.

మూలకాలు వేరైతే ఎలక్ట్రాన్లు లెక్కపెట్టండి. సమానంగా వస్తే, అంటే ఐసోఎలక్ట్రానిక్ అయితే, పండగే. ఎలక్ట్రాన్లు సమానం కాబట్టి తేడా అంతా ప్రోటాన్లదే, పరమాణు సంఖ్య పెరిగేకొద్దీ సైజు తగ్గుతుంది. 10 ఎలక్ట్రాన్ల వరుస చూడండి: ఆక్సైడ్ 140, ఫ్లోరైడ్ 133, సోడియం 102, మెగ్నీషియం 72, అల్యూమినియం 53.5. ఆక్సైడ్‌లో 8 ప్రోటాన్లు, అల్యూమినియంలో 13, కానీ లాగాల్సిన ఎలక్ట్రాన్లు రెండింట్లోనూ పదే. 18 ఎలక్ట్రాన్ల వరుసలో సల్ఫైడ్ 184, క్లోరైడ్ 181, పొటాషియం 138, కాల్షియం 100. సల్ఫైడ్, క్లోరైడ్ మధ్య తేడా మూడే, క్లోరైడ్ నుంచి పొటాషియంకి వచ్చేసరికి ఒక్కసారిగా 43 తగ్గింది. ఈ దూకుడు గమనించాల్సిన విషయమే, మధ్యలో ఆర్గాన్ ఉంది, అంటే ఇక్కడ ప్రోటాన్లు ఒకటి కాదు, రెండు పెరిగాయి.

ఒకే గ్రూపు, ఒకే ఆవేశం అయితే ఎక్కువ చెప్పడానికేం లేదు, కిందికి వెళ్లేకొద్దీ కర్పరాలు పెరుగుతాయి, సైజూ పెరుగుతుంది.

ఈ రూల్సేవీ నేరుగా కుదరనప్పుడే తిప్పలు. అప్పుడు మధ్యలో ఒక మధ్యవర్తిని పట్టుకోండి. బ్రోమైడ్, సోడియం అయాన్ ఇచ్చారనుకోండి. బ్రోమైడ్ ఫ్లోరైడ్ కంటే పెద్దది, గ్రూపు ఒకటే కాబట్టి. ఫ్లోరైడ్ సోడియం కంటే పెద్దది, ఎలక్ట్రాన్లు సమానం కాబట్టి. లెక్క తేలిపోయింది. కానీ లిథియం, మెగ్నీషియం అయాన్లు ఇస్తే ఈ పద్ధతి చేతులెత్తేస్తుంది: రెండూ సోడియం కంటే చిన్నవే, ఒకదానితో ఒకటి పోలిస్తే ఏమిటో తెలియదు. మెగ్నీషియంకి ఒక కర్పరం ఎక్కువ, లిథియంకి ఆవేశం తక్కువ, రెండూ ఒకదాన్నొకటి దాదాపు కొట్టేసుకుంటాయి. లిథియం 76, మెగ్నీషియం 72. ఇలాంటిచోట తర్కం సాగదీయకుండా టేబుల్ చూసుకోవడమే మేలు.

టేబుల్ అన్నాక ఇంకో గొడవ ఉంది. పైన సోడియం అయాన్‌కి ఒకచోట 95, ఇంకోచోట 102 అని రాశాను, గమనించారా? అచ్చు తప్పు కాదు. ఎక్స్-రేలతో ఉప్పు స్ఫటికాన్ని చూస్తే తెలిసేది సోడియం, క్లోరైడ్ కేంద్రకాల మధ్య దూరం మాత్రమే, అది దాదాపు 282 పికోమీటర్లు. అందులో ఎవరి వాటా ఎంత అనేది మనం పంచుకోవాల్సిందే. రసాయన శాస్త్రవేత్త లైనస్ పాలింగ్ చేసిన పంపకంలో సోడియంకి 95, క్లోరైడ్‌కి 181 వచ్చాయి, కలిపితే 276. షానన్ అనే మరో శాస్త్రవేత్త 1976లో ఇచ్చిన టేబుల్‌లో, చుట్టూ ఆరు పొరుగు అయాన్లు ఉన్నప్పుడు, 102, 181, మొత్తం 283. పొటాషియం, ఫ్లోరైడ్ జంటకైతే ఏకంగా ఫలితమే తారుమారవుతుంది: పాలింగ్ ప్రకారం పొటాషియం 133, ఫ్లోరైడ్ 136, షానన్ ప్రకారం పొటాషియం 138, ఫ్లోరైడ్ 133. కాబట్టి ఒక అయాన్ విలువ ఈ పుస్తకంలోంచి, ఇంకోదాన్ని ఆ వెబ్‌సైట్‌లోంచి తెచ్చి పోల్చకండి. పొరుగు అయాన్ల సంఖ్య కూడా ఒకటే ఉండాలి, సోడియం చుట్టూ ఎనిమిది ఉంటే దాని వ్యాసార్ధం 118 అవుతుంది.

ప్రశ్నలో "జలద్రావణంలో" అన్న మాట ఉందేమో కూడా ఒకసారి చూసుకోండి, తొందరలో దాన్ని దాటేస్తుంటారు. నీళ్లలో అయాన్ ఒంటరిగా తిరగదు, నీటి అణువుల్ని చుట్టుకుని తిరుగుతుంది. చిన్న అయాన్ మీద ఆవేశం బాగా కేంద్రీకృతమై ఉంటుంది కాబట్టి నీటిని గట్టిగా పట్టుకుంటుంది. అందుకే ఆర్ద్రీకరణ చెందిన అయాన్లలో క్రమం తిరగబడుతుంది: లిథియం అన్నింటికంటే పెద్దది, తర్వాత సోడియం, ఆ తర్వాత పొటాషియం. విద్యుత్ క్షేత్రంలో వీటిలో నెమ్మదిగా కదిలేదీ లిథియమే.