బోరు నీళ్ళకి బకెట్ నల్లబడుతోందా? ఐరన్ ఫిల్టర్ కొనేముందు మాంగనీస్ టెస్ట్ చేయించండి

మాది గరివిడి వైపు, మాంగనీస్ గనులున్న నేల. మా బోరు నీళ్ళు పట్టగానే తేటగా ఉంటాయి, రెండు మూడు రోజులు తెల్ల బకెట్‌లో వదిలేస్తే అంచు చుట్టూ నల్లటి జిగురు పొర కడుతుంది, వేలితో రుద్దితే మసిలా అంటుకుంటుంది. ఫ్లష్ ట్యాంక్ మూత తీసి చూస్తే లోపలంతా అదే. షాపువాళ్ళు ఐరన్ అన్నారని ఐరన్ ఫిల్టర్ పెట్టించాం, ఎర్ర చిలుము పోయింది కానీ నలుపు అలాగే ఉండిపోయింది, అది మాంగనీస్‌ది, డబ్బులూ పోయాయి. మీకు అలా జరగకూడదనే ఇది రాస్తున్నా.

అసలు తేడా ఏంటంటే ఐరన్‌కి గాలి తగిలితే చాలావరకు తుప్పులా మారి అడుక్కి దిగిపోతుంది. మాంగనీస్ అంత తేలిగ్గా లొంగదు, నీళ్ళ పీహెచ్ (పులుపు, క్షారం ఎంతో చెప్పే కొలత) దాదాపు 9 దాటితే గానీ ఒట్టి గాలికి త్వరగా మారదు, మన బోర్లలో చాలావాటికి 7, 8 మధ్యే ఉంటుంది. కరిగి ఉన్నంతసేపు కంటికి కనపడదు, ఆక్సిజన్ పట్టుకున్నాక మాంగనీస్ డయాక్సైడ్ అయి నల్లబడుతుంది. పాత టార్చ్ సెల్ పగలగొడితే వేళ్ళకి అంటే నల్ల పొడి ఉంటుంది చూడండి, అందులో ఎక్కువ భాగం ఇదే. 

ముందు టెస్ట్. మోటార్ పది నిమిషాలు ఆడనిచ్చి, ట్యాంక్ నుంచి కాకుండా నేరుగా బోరు పైపు దగ్గరే, ల్యాబ్ వాళ్ళిచ్చిన సీసాలో పట్టండి. గ్రామీణ నీటి సరఫరా వాళ్ళ ల్యాబ్‌లో అడగొచ్చు. ఐరన్, మాంగనీస్, పీహెచ్ మూడూ రాయించుకోండి. తాగే నీళ్ళలో మాంగనీస్ లీటరుకి 0.1 మిల్లీగ్రాము లోపు ఉండాలని మన బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం, వేరే నీళ్ళు దొరక్కపోతే 0.3 వరకు.

మాంగనీస్ మన ఒంటికి కొంచెం కావాలి, ఎముకలకీ ఎంజైములకీ, కానీ అది పప్పులు, ముడి ధాన్యాలు, టీలోంచే సరిపడా వస్తుంది. నీళ్ళలో ఎక్కువైతే భయం పసిపిల్లలకే, డబ్బా పాలు ఆ నీళ్ళతో కలపొద్దు. కాచితే పోతుందనుకోకండి, నీళ్ళు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది.

ఎక్కువని తేలితే మాంగనీస్ డయాక్సైడ్ పూత ఉన్న మీడియా (లోపల నింపే గుళికలు) ఫిల్టర్ అడగండి, అంటే ఆ నల్ల పూతే నీళ్ళలో కరిగున్న మాంగనీస్‌ని పట్టి లాగుతుంది. ఫిల్టర్‌కి ముందు కొంచెం కొంచెంగా క్లోరిన్ కలిపే డోసింగ్ పెడితే బాగా పనిచేస్తుంది. పీహెచ్ 7 కంటే తక్కువ ఉంటే ముందు అది సరిచేయించాలి, ఈ మాట షాపులో గట్టిగా అడగండి. ఆర్వో కూడా తీసేస్తుంది గానీ నేరుగా పెడితే మెంబ్రేన్ (నీళ్ళు వడకట్టే లోపలి పొర) త్వరగా మూసుకుపోతుంది. బ్యాక్‌వాష్ (ఫిల్టర్‌లోకి నీళ్ళు వెనక్కి పంపి కడగడం) మాత్రం మానొద్దు, బయటికొచ్చే నీళ్ళు నల్లగా వచ్చి వచ్చి తేటపడే దాకా వదలండి.

ఉన్న మరకలకి బ్లీచింగ్ వాడకండి, ఇంకా నల్లగా పట్టేస్తుంది. నిమ్మ ఉప్పు గోరువెచ్చని నీళ్ళలో కలిపి అరగంట నాననిచ్చి బ్రష్‌తో రుద్దండి. అంతకుముందే బ్లీచింగ్ వేసి ఉంటే బాగా కడిగాకే నిమ్మ ఉప్పు వేయండి, రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది.