దూరపు దీవి దేశంలో ఎలా కలుస్తుంది? – 4వ పాఠం

బూవే దీవి నార్వేకు ఎలా దక్కింది అన్న గత పాఠం చివరి ప్రశ్నకు చాలామంది "బూవే దీవి 1927 డిసెంబరు 1న నార్వేలో భాగమైంది" అని రాశారు. ఆ జవాబు సరికాదు. దీన్ని ఇలాగే వదిలేస్తే రాబోయే పాఠాలన్నీ తప్పుదారి పడతాయి కాబట్టి, ఈసారి చెప్పాలనుకున్న సముద్ర మండలాల విషయాన్ని పక్కన పెడుతున్నాను.

ఆ రోజు 'నార్వేజియా' నౌక సిబ్బంది దక్షిణ అట్లాంటిక్‌లోని ఆ మంచు దీవిపై దిగి జెండా ఎగరవేసిన మాట వాస్తవమే. అయితే జెండా హక్కు కోరడానికి ఒక ఆధారం మాత్రమే. 1928 జనవరి 23 నాటి రాజాజ్ఞతో నార్వే ఆ దీవిపై సార్వభౌమాధికారాన్ని ప్రకటించింది. అంతకు వందేళ్ల ముందటి ఒక నావికుడి రాకను చూపి హక్కు చెప్పుకున్న బ్రిటన్, తర్వాత వెనక్కి తగ్గింది. ఇలా ఏ దేశ అధికారం కిందా లేని భూమినే రెండో పాఠంలో 'యజమాని లేని భూమి' అన్నాం.

అసలు చిక్కు ఇక్కడుంది: సార్వభౌమాధికారం కిందికి వచ్చిన ప్రతి భూమీ దేశంలో భాగం కాదు. 1930 ఫిబ్రవరి 27న, ఒకే రోజున, నార్వే రెండు దీవులకు రెండు చట్టాలు చేసింది: ఒకటి బూవేకు, మరొకటి ఉత్తరాన ఆర్కిటిక్ ప్రాంతంలోని యాన్ మాయెన్‌కు. యాన్ మాయెన్ చట్టం మొదటి సెక్షను ఆ దీవిని నార్వే రాజ్యంలో భాగమని చెబుతుంది. బూవే చట్టం మొదటి సెక్షను మాత్రం ఆ దీవి అధీన ప్రాంతంగా నార్వే సార్వభౌమాధికారానికి లోబడి ఉంటుందని మాత్రమే అంటుంది. రెండింటిలోనూ నార్వే పౌర, శిక్షా చట్టాలు వర్తిస్తాయి కాబట్టి, పైపైన చదివినవారికి తేడా కనిపించదు. కానీ నార్వే రాజ్యాంగం మొదటి అధికరణం ఆ రాజ్యాన్ని విభజించరానిదనీ, అన్యాక్రాంతం చేయరానిదనీ అంటుంది. ఆ రక్షణ యాన్ మాయెన్‌కు ఉంది, బూవేకు లేదు. రాజ్యాంగాన్ని మార్చకుండానే బూవేను మరో దేశానికి అప్పగించవచ్చు. 'నార్వేకు చెందినది', 'నార్వేలో భాగం' అన్న రెండు మాటలనూ ఒకటిగా రాసే వ్యాసాలు చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే పాఠకుడు మోసపోయేది సరిగ్గా అక్కడే.

నా పద్ధతి ఇది: ముందు చట్టం మొదటి సెక్షను, వెంటనే ఆ దేశ రాజ్యాంగం, ఆ తర్వాతే రాజాజ్ఞలు. నౌకాయాత్రల కథలను అన్నిటికన్నా చివర చదువుతాను. ఆర్కిటిక్‌లోని స్వాల్‌బార్డ్ దీవులకైతే 1920 ఒప్పందాన్ని కూడా పక్కన పెట్టుకోవాలి, ఎందుకంటే అక్కడ నార్వే అధికారాన్ని ఇతర దేశాలు షరతులతో గుర్తించాయి.

అభ్యాసం: రాకాల్ అట్లాంటిక్‌లో పొడుచుకొచ్చిన ఒంటరి శిల. 1955 సెప్టెంబరులో బ్రిటిష్ నౌకాదళం హెలికాప్టర్‌లో మనుషులను దింపి, జెండా ఎగరవేసి, రాతికి ఫలకాన్ని సిమెంటుతో అతికించింది. 1972 చట్టం దాన్ని స్కాట్లాండ్‌లో చేర్చి, ఇన్వర్నెస్ కౌంటీలోని హారిస్ జిల్లాలో భాగం చేసింది. ఆ చట్టం మూల ప్రతిని సంపాదించి, బూవే, యాన్ మాయెన్‌లలో ఇది దేనికి దగ్గరో ఒక పేజీలో వాదించండి. ఐర్లాండ్ ఈ చేర్పును అంగీకరించలేదు. ఆ దేశం తరఫున మరో పేజీ రాయండి. ఆపైన, ఈ రాతికి 1955లోనే హక్కు ప్రకటించిన బ్రిటన్ 1972లో చట్టం ఎందుకు చేయవలసి వచ్చిందో మీ సొంత మాటల్లో చెప్పండి.