కోర్టు డేటా జోలికి వెళ్లే ముందు

విశాఖలో కోర్టు, పోలీసు డేటా ఎక్కడ ఏముందో వెతికే టీమ్‌కి మీరే లీడా? ముందు రాతపూర్వక అనుమతి తీసుకోండి, ఫోన్‌లో "కానివ్వండి" అంటే చాలదు.

పేర్లతో కేసులు కలపకండి, మన ఊళ్లో అప్పారావులు ఎంతమందని! ఈ-కోర్ట్స్‌లో (కోర్టు కేసుల ఆన్‌లైన్ వ్యవస్థ) ప్రతి కేసుకీ అక్షరాలూ అంకెలూ కలిపి 16 ఉండే సీఎన్‌ఆర్ నంబర్, అంటే ఆ ఒక్క కేసుకే చెందిన గుర్తింపు, ఉంటుంది, అదే పట్టుకోండి; ఎఫ్‌ఐఆర్ నంబరైతే పక్కన స్టేషన్, సంవత్సరం ఉండాల్సిందే, ఏటా మళ్లీ ఒకటి నుంచే మొదలవుతుంది కదా.

2022 ఏప్రిల్‌లో అనకాపల్లి, అల్లూరి జిల్లాలు విడిపోయాయి. పాత రికార్డులో "విశాఖపట్నం జిల్లా" అంటే ఎంతవరకో తేల్చుకోకపోతే, కేసులు తగ్గాయని ఎవరో ఒకరు సంబరపడిపోతారు.

సెక్షన్లు చూసుకోండి: పాత శిక్షాస్మృతి ఐపీసీలో హత్య 302, 2024 జూలై 1 నుంచి జరిగిన నేరాలకు దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ (భారతీయ న్యాయ సంహిత)లో 103.

పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసుల్లో బాధితుల వివరాలు శాంపిల్‌లో కూడా వద్దు.

రికార్డు రూమ్ క్లర్క్‌ని మొదటిరోజే కలవండి, సాఫ్ట్‌వేర్‌లో ఖాళీగా ఉన్న గడి ఎందుకు ఖాళీగా ఉందో ఆయనకే తెలుసు.