అండమాన్‌కు డైవింగ్ సామానుతో వెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

డిసెంబరు సెలవులకు శ్రీ విజయపురం, అంటే మన పాత పోర్ట్ బ్లెయిర్, టికెట్లు తీసుకునేవాళ్ల కోసం ఈ నాలుగు ముక్కలు.

• అదనపు బరువుకు ఆన్‌లైన్‌లో ముందే కట్టేయండి. దేశీయ ఎకానమీలో చెకిన్‌కు సాధారణంగా 15 కిలోలే. బీసీడీ (నీటిలో తేలడానికి వేసుకునే గాలి జాకెట్), రెగ్యులేటర్ (సిలిండర్ గాలి పీల్చుకునే పరికరం), ఫిన్స్ (కాళ్ల ఈత రెక్కలు), వెట్‌సూట్ (ఒంటిని వెచ్చగా ఉంచే రబ్బరు సూటు) కలిస్తేనే అందులో చాలా వరకు అయిపోతుంది, ఇక బట్టలెక్కడ? కౌంటర్ దగ్గర కిలో లెక్కన వసూలు చేస్తారు, అది ముందు కట్టేదానికంటే ఎక్కువే.

• చెన్నైలో మారేవాళ్లు మొత్తం ప్రయాణం ఒకే పీఎన్ఆర్‌లో తీసుకోండి. విడివిడి టికెట్లయితే అదనపు బరువుకు రెండుసార్లు కట్టాలి.

• రెగ్యులేటర్, డైవ్ కంప్యూటర్ (నీటిలో లోతు, సమయం చూపే చిన్న పరికరం) చేతి సంచిలో పెట్టుకోండి. పగిలితే ఖరీదు, పోతే ట్రిప్పే పోతుంది. కత్తి మాత్రం చెకిన్‌లోనే.

• టార్చి విడి లిథియం బ్యాటరీలు క్యాబిన్‌లోకే. చెకిన్ పెట్టెలో దొరికితే పెట్టె తెరిపిస్తారు.

• సిలిండర్, సీసం బరువులు మోయకండి. అక్కడి డైవ్ సెంటర్లే ఇస్తాయి. నన్నడిగితే ఒకటి రెండు డైవ్‌లకు బీసీడీ కూడా అద్దెకే మేలు.

• తిరుగు ప్రయాణానికి ముందు వెట్‌సూట్ బాగా ఆరాలి. వెళ్లేటప్పుడు సరిగ్గా 15 తూగిన నా బ్యాగు, వచ్చేటప్పుడు తడికి 17 దాటింది. కౌంటర్ పక్కనే కూర్చుని డైవింగ్ బూట్లు పిండుకున్నాను!

• ఒంటి క్షేమం కోసం చివరి డైవ్‌కీ విమానానికీ మధ్య కనీసం 18 గంటలు ఉంచండి. ఆరబెట్టడానికీ ఆ సమయం సరిపోతుంది.