రజ పండుగ లోపే వార్నిష్: వానలకు ముందు ఆట బొమ్మల రంగుకు జాగ్రత్తలు

మే నెలాఖరు వచ్చిందంటే పర్లాకిమిడిలో మా మిద్దె మీద చోటు కోసం తగాదా మొదలవుతుంది. అమ్మ వడియాలు పెడుతుంది. నేను సైన్యాన్ని నిలబెడతాను. సైన్యమంటే బల్ల మీద ఆడే యుద్ధపు ఆటల బొమ్మలు, ఒక్కొక్కటి బొటనవేలంత ఉంటుంది. వడియాలకూ, బొమ్మల రంగు మీద పూసే వార్నిష్‌కూ కావలసింది ఒకటే, పొడి గాలి. కాకపోతే ఒకదాని పక్కన ఇంకొకటి ఉండకూడదు కాబట్టి, వడియాలు కిందికి దిగాకే స్ప్రే డబ్బా పైకెక్కుతుంది. ఇది మా ఇంటి ఒప్పందం.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ మిట్టమధ్యాహ్నపు ఎండలో స్ప్రే కొడితే రంగు బొమ్మను చేరేలోపే గాలిలో ఎండిపోయి, పైన ఇసుక చల్లినట్టు గరుకుగా కూర్చుంటుంది. మృగశిర కార్తె నడుమకు వచ్చేసరికి మబ్బులు దిగుతాయి. జూన్ మధ్యలో రజ పండుగ. ఆ మూడు రోజులూ భూమికి విశ్రాంతి అని ఒడియా ఇళ్లలో దున్నరు, తవ్వరు, ఆడపిల్లలు ఉయ్యాలలూగుతారు. నా లెక్కలో స్ప్రే డబ్బాకు కూడా అప్పటినుంచే విశ్రాంతి, తుఫాన్ల నెల దాటేదాకా. కనుక ఏడాదికి సరిపడా ప్రైమరూ (రంగుకు ముందు వేసే అడుగు పూత) వార్నిషూ మే నెలలోనే ముగించాలి, అదీ పొద్దున తొమ్మిదికీ పదకొండుకీ మధ్య. అప్పటికి రాత్రి తేమ ఆరుతుంది, ఎండ ఇంకా చుర్రుమనదు. తేమ కొలిచే చిన్న మీటరు ఒకటి కొనుక్కోండి. నేను పెట్టుకున్న హద్దు 60 శాతం. 70 దాటితే డబ్బా మూత కూడా తీయను.

ఈ పట్టుదల ఊరికే రాలేదు. కొన్నేళ్ల క్రితం జులైలో ఒక సాయంత్రం వాన తెరిపిచ్చింది కదా అని పదిమంది భటుల మీద మెరుపులేని మ్యాట్ వార్నిష్ కొట్టాను. అరగంటలో పదిమందీ విభూతి పూసుకున్న జంగమయ్యల్లా తేలారు. నెల రోజుల పని. మామయ్యకు చూపించాను. ఆయన పాతికేళ్లు సైన్‌బోర్డులు రాసినవాడు, కుర్చీలకూ బల్లలకూ లక్క పాలిష్ పట్టినవాడు.

"ముసురులో పాలిష్ పట్టావేమిటిరా? లక్క కూడా తెల్లబడుతుంది," అన్నాడు.

"వాన ఆగింది కదా మామయ్యా."

"వాన ఆగింది. తేమ ఎక్కడికి పోయింది?"

జరిగేది ఇదీ. స్ప్రేలోని ద్రావకం ఆవిరవుతూ బొమ్మ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. చల్లబడ్డ చోట గాలిలోని తేమ పట్టి, ఆరుతున్న పొరలోనే చిక్కుకుని తెల్లగా కనిపిస్తుంది. మ్యాట్ వార్నిష్‌లో ఇంకో చిక్కుంది. మెరుపు చంపడానికి అందులో సిలికా లాంటి సన్నని పొడి కలుపుతారు. డబ్బాను సరిగా కుదపకపోతే ఆ పొడి ముద్దగా వచ్చి, పొడి వాతావరణంలో కూడా తెల్లబారుస్తుంది. లోపలి గోలీ చప్పుడు వినిపించడం మొదలయ్యాక కూడా రెండు నిమిషాలు కుదపండి. చేయి నొప్పి పుట్టాలి.

తెల్లబడితే గోకకండి, కడగకండి. బాగా ఆరనిచ్చి, నిగనిగలాడే గ్లాస్ (gloss) వార్నిష్‌ను కుంచెతో పలచగా ఒక పూత వేస్తే చాలా సందర్భాల్లో రంగు మళ్లీ పైకి తేలుతుంది. ఆ తరువాత పొడి రోజు చూసుకుని మ్యాట్ వేసుకోవచ్చు. నా పదిమందిలో తొమ్మిదిమంది అలాగే బతికారు. పదోవాణ్ణి కావాలనే వదిలేశాను. ఆటలో వాడు దయ్యం.

అయితే వార్నిష్ చివరి మాట. రంగు ఊడిపోవడం అసలు అడుగునే మొదలవుతుంది. రెజిన్ బొమ్మలు అచ్చులోంచి సులువుగా ఊడిరావడానికి పూసిన జిడ్డు వాటి మీద మిగిలి ఉంటుంది. దాని మీద వేసిన రంగు జిడ్డు పెనం మీద వేసిన సున్నంలాంటిది. గిన్నెలు తోమే ద్రవం, గోరువెచ్చని నీళ్లు, పాత టూత్ బ్రష్‌తో మడతల్లోకి వెళ్లేలా తోమండి. నీళ్లు కాగకూడదు, సన్నని కత్తులూ ఈటెలూ వంగిపోతాయి. కడిగాక ఫ్యాను కింద ఒక రాత్రి ఉంచండి. అంగీ మడతల్లో, చంకల కింద దాగిన ఒక్క నీటి చుక్క చాలు, ప్రైమర్ పొక్కు లేవడానికి. లోహపు బొమ్మలకూ ఇదే వరస. వాటికి ప్రైమర్ తప్పనే తప్పదు, నున్నని లోహం రంగును పట్టుకోదు.

డబ్బు మిగులుతుందని కారు విడిభాగాల దుకాణంలో దొరికే ప్రైమర్ కొనేవాళ్లున్నారు. తప్పు కాదు, నేనూ కొన్నాను. కానీ కొన్నింటిలోని ద్రావకం గట్టి పాలిస్టైరిన్ ప్లాస్టిక్‌ను తినేస్తుంది, ముఖం మీది కన్నూ ముక్కూ కరిగి చదునైపోతాయి. ముందు బొమ్మను కత్తిరించాక మిగిలిన చట్రం ముక్క మీద కొట్టి ఒక రోజు చూడండి. బోర్డు గేముల పెట్టెల్లో వచ్చే మెత్తటి, వంగే పీవీసీ బొమ్మలతో వేరే తంటా: కొన్ని స్ప్రేలు వాటి మీద నెలలు గడిచినా జిగట వదలవు. వాటికి కుంచెతో వేసే నీటి ప్రైమరే క్షేమం.

కొట్టేటప్పుడు డబ్బాకూ బొమ్మకూ మధ్య జానెడు దూరం, అంటే ఇరవై సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ ఉండాలి. నొక్కడం బొమ్మకు పక్కన మొదలుపెట్టి, బొమ్మను దాటాక ఆపాలి. ముక్కుకు మాస్కు పెట్టుకోండి. డబ్బాలోని వాయువు మండే స్వభావం గలది కాబట్టి తులసికోట దగ్గర దీపం వెలిగించి ఉన్నప్పుడు ఆ పక్కన కొట్టవద్దు. డబ్బాను ఎండలో, స్కూటర్ డిక్కీలో మరిచిపోవద్దు.

రంగుల సంగతి క్లుప్తంగా చెబుతాను. పలచగా, ఒక పూత ఆరాక ఇంకొకటి. అయితే పలచన అంటే నీళ్లలాగా అని కాదు. నీళ్లు మరీ ఎక్కువైతే రంగుపొడిని పట్టి ఉంచే యాక్రిలిక్ బంధం బలహీనపడి, ఆరాక సుద్దలా వేలికి అంటుతుంది. బాగా పలచన కావాలంటే యాక్రిలిక్ మీడియం, అంటే రంగుపొడి లేని యాక్రిలిక్ ద్రవం, కలుపుకోండి. చేతికి అంటకపోవడం వేరు, లోపలిదాకా గట్టిపడటం వేరు. చివరి రంగుకూ వార్నిష్‌కూ మధ్య నేను ఎండాకాలంలో ఒక రోజు, ముసురులో మూడు రోజులు ఆగుతాను.

వార్నిష్ విషయంలో నా మాట కాస్త మొండిగా ఉంటుంది. మెరిసే బొమ్మ బొమ్మలా ఉండదని చాలామంది ఒట్టి మ్యాట్ ఒక్కటే వేస్తారు. గ్లాస్ పొర మ్యాట్ కంటే నున్నగా, గట్టిగా ఉంటుంది, రాపిడిని అదే మోస్తుంది. ముందు గ్లాస్ రెండు పలచని పూతలు, పూర్తిగా ఆరాక పైన మ్యాట్ ఒకటి. మెరుపు పోతుంది, బలం మిగులుతుంది. బంగారు కవచాలూ కత్తి అంచులూ మ్యాట్ కింద బూడిదరంగుకు తిరుగుతాయి కాబట్టి వాటి మీద మళ్లీ కుంచెతో కాస్త గ్లాస్ అద్దండి.

ఆట సామానుకు ఇంత హంగామా ఎందుకని ఎవరైనా నవ్వితే నేను గంజప చూపిస్తాను. మా ఊళ్లోనూ పేరున్న ఆ గుండ్రటి పేకముక్కలకు గుడ్డను చింతగింజల జిగురుతో అతికి, సుద్దపొడి పట్టించి, బొమ్మ గీసి, పైన లక్క పూసేవారు. ప్రైమరు, రంగు, వార్నిషు. చేతులు మారే వస్తువుకు పై పూత కావాలని వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

వానల్లో బొమ్మ పూర్తయితే కుంచె వార్నిషే దిక్కు. సీసాను గిలకొట్టకుండా అరచేతుల మధ్య దొర్లించండి, గిలకొడితే నురగ లేచి బుడగలు పూతలో అలాగే ఆరి నిలిచిపోతాయి. మడతల్లో నిలిచినది పాలలా తెల్లగా ఆరుతుంది, అందుకని తడి కుంచె కొనతో వెంటనే లాగేయండి.

ఇంతచేసినా అసలు శత్రువు మన వేళ్లే. రంగు ముందుగా పోయేది ఈటె కొన, ముక్కు, మోకాలు, అంగీ అంచు. ఆదివారం ఆటకు వచ్చినవాళ్లు పకోడీ తిన్న చేత్తో "భలే ఉన్నాడే" అంటూ తలకాయ పట్టుకుని లేపుతారు. మా బావకు ఎన్నిసార్లు చెప్పానో. బొమ్మను అడుగు దిమ్మ పట్టుకునే లేపాలి. పకోడీలు పక్క గదిలో ఉంటే ఇంకా మంచిది.

ఇక దాచడం. బట్టల బీరువాలో పెట్టేవాళ్లు మొదట చేయవలసిన పని కలరా ఉండలు తీసేయడం. వాటి ఆవిరి పాలిస్టైరిన్‌ను మెత్తబరుస్తుంది. సీసం కలిసిన పాత లోహపు బొమ్మలను మూసిన చెక్క పెట్టెలో ఏళ్ల తరబడి ఉంచకండి. చెక్క నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి సీసం తెల్లటి పొడిగా రాలుతుంది, పైన ఎంత మంచి వార్నిష్ ఉన్నా రంగు దానితోపాటే పోతుంది. మూత బిగుసుకునే ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్ పొట్లాలు చాలు. రంగు మారే గింజలైతే ఎప్పుడు తేమ నిండిందో అవే చెబుతాయి. బొమ్మల్ని మాత్రం పూర్తిగా గట్టిపడ్డాకే, పొడి రోజున లోపల పెట్టండి. బబుల్ కవరు చుట్టకండి, మెత్తని వార్నిష్ మీద దాని గుండ్రటి అచ్చులు పడతాయి. స్పాంజి అరల్లో దూర్చితే ప్రయాణంలో కొనలు రాసుకుంటాయి. దిమ్మ కింద అయస్కాంతం అతికి ఇనుప రేకు మీద నిలబెట్టడం అన్నిటికంటే మేలు, ఆ రేకుకూ రంగు వేసి ఉంటేనే. లేకపోతే ఆశ్వయుజం నాటికి తుప్పు బొమ్మ పాదాలదాకా ఎక్కుతుంది.

అక్టోబరు మాకు వేరే భయం. 2013లో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర, 2018లో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినవి ఆ నెలలోనే. తిత్లీ వానలకు గజపతి జిల్లా కొండవాగులు ఎలా పొంగాయో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. హెచ్చరిక రాగానే మనుషులూ, కాగితాలూ, మందుల తరువాత బొమ్మల డబ్బాను అటక మీదికి ఎక్కించండి. తడిస్తే మంచినీళ్లతో బురద కడిగి, నీడలో, గాలి తగిలే చోట ఆరబెట్టండి. ఎండలో పెడితే రంగు పెళ్లలు లేస్తుంది. లేచిన పెళ్లల అంచును సన్నని ఎమెరీ కాగితంతో సమం చేసి, ఆ చోట మాత్రమే ప్రైమర్, రంగు, గ్లాస్ వేయండి. మ్యాట్ పూతకు కార్తికం దాకా ఆగవచ్చు.