పక్షవాతం తర్వాత ఏ వ్యాయామం, ఎప్పుడు, ఎంత

పక్షవాతం వచ్చిన మనిషిని తిరుపతిలోనో చిత్తూరులోనో ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్న కుటుంబాలు, యంత్రాల మీద శిక్షణ ఇప్పించాలా, ఇంట్లోనే చేయించాలా అని సతమతమవుతుంటాయి. ముందుగా, రోగి సొంతంగా చేసుకోలేకపోతున్న పనులను ఒక కాగితం మీద రాసుకోండి. శిక్షణను ఆ పనులను బట్టే ఎంచుకోవాలి.

తొందర మాత్రం వద్దు. 2015లో వెలువడిన అవర్ట్ పరిశోధనలో, పక్షవాతం వచ్చిన 24 గంటలలోపే లేపి పదేపదే కూర్చోబెట్టి, నిలబెట్టి, నడిపించినవారిలో మూడు నెలలకు బాగా కోలుకున్నవారు తక్కువగా తేలారు. మొదటి రోజుల్లో డాక్టరు చెప్పినంత మేరకే కదిలించాలి.

నడక విషయంలో 2011 నాటి లీప్స్ పరిశోధన ఎంతో ధైర్యాన్నిస్తుంది. అమెరికాలో 408 మందిపై జరిగిన ఆ పరిశోధనలో, శరీర బరువును బెల్టులతో మోస్తూ ట్రెడ్‌మిల్‌పై ఇచ్చిన శిక్షణకూ, ఫిజియోథెరపిస్ట్ ఇంటికి వచ్చి చేయించిన బలం, నిలకడ వ్యాయామాలకూ ఏడాది తర్వాత చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కాబట్టి యంత్రం అందుబాటులో లేదని దిగులు పడనవసరం లేదు. గోడకు ఆనించిన కుర్చీలోంచి, పక్కన ఒకరు నిలబడి ఉండగా, పదిసార్లు లేచి కూర్చోవడం మంచి ఆరంభం. అయితే అంతా ఇంట్లోవారే చూసుకుంటే చాలనుకోకూడదు. మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో జరిగి 2017లో వెలువడిన అటెండ్ పరిశోధనలో, కుటుంబసభ్యులకు నేర్పి చేయించిన శిక్షణ వల్ల ఆరు నెలలకు అదనపు మేలు కనబడలేదు. అందుకే తిరుపతిలోని స్విమ్స్ ఆసుపత్రిలో గానీ, దగ్గరలోని ఫిజియోథెరపీ విభాగంలో గానీ తరచూ చూపించి, వ్యాయామాల కష్టాన్ని పెంచుకుంటూ పోవాలని నా అభిప్రాయం.

చేతికి వేరే పద్ధతి ఉంది. మణికట్టును, వేళ్లను కొంతైనా ఎత్తగలిగేవారికి, బాగున్న చేతికి తొడుగు వేసి, బలహీనమైన చేతితోనే పనులు చేయించే శిక్షణ మేలు చేస్తుందని 2006లో ఎక్సైట్ పరిశోధన చూపింది. మన ఇళ్లలో దీనికి శెనక్కాయలు చాలు: బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కాయను పట్టి, చిట్లేదాకా నొక్కి, గింజను గిన్నెలో వేయించండి. తొలిరోజు నాలుగైదు కాయలకే చెయ్యి అలసిపోవచ్చు. మరునాడు ఇంకొక్కటి చేర్చండి. తర్వాత సంగటి ముద్ద చేసుకోవడం మొదలుపెట్టవచ్చు.

ఆయాసం తగ్గించుకోవడానికి, డాక్టరు ఒప్పుకున్నాక, వారానికి 3 నుంచి 5 రోజులు, మాట్లాడగలిగేంత వేగంతో నడిపిస్తూ మెల్లగా 20 నిమిషాలకు చేర్చాలి. నడకతో చేతి పట్టు రాదు కనుక నడక, చేతి శిక్షణ రెండూ సాగాలి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం కనిపిస్తే వెంటనే ఆపి వైద్యుణ్ణి సంప్రదించండి. పడిపోయిన చేతిని పట్టి లాగి లేపకండి, భుజం కీలు జారవచ్చు. చేతి తొడుగును కూర్చున్నప్పుడే వేసి, నడవడానికి లేచేముందు తీసేయండి; తూలితే పట్టుకోవడానికి బాగున్న ఆ చెయ్యే ఆధారం.